తాళం వేసే ఆసుపత్రి

"ఈ కాగితం వెనక్కి తీసుకో సత్యారావ్," అన్నాడు స్టీలు ప్లాంటు వెల్ఫేర్ ఆఫీసరు గురునాథరావు. "ముద్ర పడిందంటే నీ సర్వీసు రికార్డులోకి పోద్ది. ఇంక ఎవడూ చెరపలేడు."

సత్యారావు తీసుకోలేదు. కాగితంలో ఉన్నవి మూడే వాక్యాలు. తాను రెండేళ్ళుగా తాగుడుకి బానిసయ్యానని, డ్యూటీలో కూడా తాగుతున్నానని, ప్లాంటు ఖర్చుతో తనకి వైద్యం చేయించాలని.

గురునాథరావు లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. బయట బెంచీ మీద ప్యూను కూర్చుని ఉన్నాడు. ఆ మాత్రం దయకే సత్యారావు కళ్ళు దించుకున్నాడు.

"నువ్వు నడిపేది ఏటి?"

"లాడిల్ క్రేను బాబూ."

"కరిగిన ఉక్కుని మనుషుల నెత్తి మీంచి పట్టుకెళ్ళే క్రేను. తాగుతానని రాసిచ్చినవాణ్ణి మళ్ళీ దాని మీదకి ఎక్కనిస్తారా? ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. యార్డులో తుక్కు ఏరుకుంటావా?"

"ఏరుకుంటాను బాబూ."

ఆఫీసరు గొంతు తగ్గించాడు. ఊళ్ళోనే తెలిసిన డాక్టరున్నాడని, డ్యూటీ దిగాక వెళ్ళి మందు తెచ్చుకుని ఇంట్లోనే వేసుకోవచ్చని, ఎక్కడా రాత ఉండదని, క్రేనూ పోదని నచ్చజెప్పాడు. సత్యారావు తల అడ్డంగా ఊపాడు. అతనికి దుర్గ్ దాటాక శివనాథ్ నది ఒడ్డున ఉన్న ఆసుపత్రే కావాలి. అక్కడ ముప్పై రోజులు లోపలే ఉంచి గేటుకి తాళం వేస్తారు. సొంతంగా చేరితే పద్దెనిమిది వేలు ముందే కట్టాలన్నాడు. ప్లాంటు పంపితే ప్లాంటే కడుతుంది.

"ఆ రేటు నీకెలా తెలుసు?"

"వెళ్ళి అడిగొచ్చాను బాబూ."

గురునాథరావు మెడికల్ బుక్కు తెరిచాడు. సత్యారావు, భార్య జోగమ్మ. వాళ్ళ కింద కొడుకు ఉమేష్ పేరు మీద ఎర్రసిరా గీత ఉంది. పోయిన ఏడాది పాతికేళ్ళు నిండాయి, ఇక ప్లాంటు ఖర్చుతో వైద్యం అతనికి లేదు.

"పక్కన ఒక మగమనిషి అటెండెంటుగా ఉండాలి. వాడి తిండీ మంచం ప్లాంటే చూసుకుంటది. నీతోపాటు తాగుడు మాన్పించే క్లాసుల్లో కూర్చోవాలి. ఎవరున్నారు?"

"మా ఉమేషే. ఖాళీగానే ఉన్నాడు." సత్యారావు బల్ల మీదకి కాస్త వంగాడు. "అటెండెంటుని కూడా బయటికి పోనివ్వరు కదా బాబూ?"

"పోనివ్వరు."

"ఒక్క పూటైనా?"

"గంటైనా పోనివ్వరు. కుర్రాడికి ఇబ్బందే మరి, ఏటి చేస్తాం." గురునాథరావు ముద్ర వేశాడు. కాగితాన్ని కవర్లో పెట్టి, ప్యూనుకి ఇవ్వకుండా తనే జిగురు రాసి అంటించాడు.

ఆ మధ్యాహ్నమే సత్యారావు క్రేను అప్పజెప్పాడు. పద్దెనిమిదేళ్ళు కలిసి పనిచేసినవాళ్ళు కింద నిలబడి చూశారు. "హోలీకి గ్లాసిస్తే పారబోసేవాడివి కదా గురూ," అన్నాడొకడు. "ఇంట్లో ట్యాంకరు పెట్టుకున్నావన్నమాట." కొందరు నవ్వారు. అతని హెల్పరు మాత్రం టిఫిన్ డబ్బా తెచ్చి చేతికిచ్చి, మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

రిసాలిలోని ప్లాంటు క్వార్టర్లో ఉమేష్ మండిపడ్డాడు. "తీస్ దిన్! ముప్పై రోజులు లోపలా? తాగుతానని రాసిచ్చింది నువ్వు. నేనేటి చేశాను?"

జోగమ్మ మొగుడి వంక చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. సత్యారావు నెమ్మదిగానే చెప్పాడు. వైద్యం చేయించుకోకపోతే తీసేస్తారని, నెల తిరక్కుండా క్వార్టరు ఖాళీ చెయ్యాలని, ముగ్గురూ రోడ్డు మీద పడతారని. ఉమేష్ చెప్పుని గోడకేసి తన్ని, సంచీ సర్దుకున్నాడు.

ఆసుపత్రి గేటు దగ్గర ఇద్దరి సంచులూ విప్పి వెతికారు. జేబులు కూడా చూశారు. వెనక తాళం పడిన చప్పుడు విని ఉమేష్ తిరిగి చూశాడు. సత్యారావు చూడలేదు.

మూడో రోజుకి రక్తపరీక్ష రిపోర్టులు వచ్చాయి. డాక్టర్ మణిమాల వాటిని తీసుకుని మంచం దగ్గరికి వచ్చింది. దుర్గ్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి, తెలుగులోనే అడిగింది.

"పొద్దున్న మొదటిసారి ఎప్పుడు తాగుతారు?"

"పళ్ళు తోమకముందేనమ్మా. లేకపోతే చొక్కా గుండీ కూడా పెట్టుకోవడం కుదరదు."

"తిండి?"

"మొదటి ముద్దకే వాంతి. రాత్రి పక్కంతా చెమటకి తడిసిపోతాది. గోడ మీద పురుగులు పాకుతున్నాయని లేచి కూర్చోడం. తెల్లారేదాకా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఉండాలి."

ఎక్కడా తడుముకోకుండా చెప్పాడు. మణిమాల రిపోర్టు రెండోసారి చదివింది. లివరు అంకెలన్నీ మామూలుగానే ఉన్నాయి. పేజీ తిప్పి వెనక కూడా చూసింది. తర్వాత మోకాళ్ళ మీద ఉన్న సత్యారావు చేతుల్ని చూసింది. అవి వణకడం లేదు.

కిటికీ దగ్గర ఉమేష్, ఆ జూన్ ఎండలో, దుప్పటి కప్పుకుని గేటు వైపు చూస్తున్నాడు. నీళ్ళ గ్లాసు అందుకోబోతే అది జారి కిందపడి దొర్లింది. వంగి తియ్యడానికి అతను ప్రయత్నించలేదు.

అప్పుడే నర్సు ఛాయ సెలైన్ స్టాండు తోసుకుంటూ వచ్చి, చెయ్యి చాపమంది. సత్యారావు చొక్కా చేతిని మడిచి, డాక్టరు మొహంలోకి చూస్తూ చెయ్యి చాపాడు.

మణిమాల రిపోర్టుని మడిచి తన కోటు జేబులో పెట్టుకుంది.

"కేసు షీటు ఆయన పేరు మీదే ఉండనీ ఛాయా," అంది. "సూది అటెండెంటుకి పెట్టు."