గోడకెక్కిన ఫొటో

"ఏ పేపరండీ తమరిది?"

కెమెరాకి అడ్డంగా ఒక పొట్ట వచ్చి నిలబడింది. ఆ పొట్ట వెనకాల అమ్మిరాజు గారున్నారు. అమలాపురం ఎర్రవంతెన దగ్గర లేస్తున్న మూడంతస్తుల షాపింగ్ కాంప్లెక్సు ఆయనదే.

"పేపరు కాదండీ," అన్నాడు జగన్మోహనరావు, మోకాళ్ళకంటిన ఇసక దులుపుకుంటూ.

"అయితే మున్సిపాలిటీయాండీ?"

"అదీ కాదు. కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. సెలవురోజు కదాని ప్రేరణ కోసం ఇలా వీధుల్లో తిరుగుతున్నాను."

"ఎవరి ప్రేరణండీ? ఆ ఎదర హోటలోడిదా?"

"ఎవరిదీ కాదు మహాప్రభో! ఫొటోగ్రఫీ అండీ. కళ!"

అమ్మిరాజు గారు నమ్మలేదు. పట్టపగలు నడిరోడ్డు మీద మోకాళ్ళేసి పరాయివాళ్ళ మెట్లు ఫొటో తీస్తూ కళ అంటే, నమ్మడానికి ఆయనేం నిన్న పుట్టినవాడు కాదు. అయినా గోదావరి జిల్లా మర్యాద గోదావరి జిల్లా మర్యాదే. "ఏసుపాదం, మేష్టారికో బొండాం కొట్టు," అని మేస్త్రీకి కేకేసి, "ఏదండీ, ఓసారి చూపిద్దురూ," అంటూ కెమెరా లాక్కున్నంత పని చేశారు.

జగన్మోహనరావు సంతోషంగా ఇచ్చేశాడు. ఇన్నాళ్ళలో చూపించమని అడిగిన మొదటి మనిషి ఆయనే. ఇంట్లో పరిస్థితి ఏమీ బాగోలేదు. "ఈ ఆదివారంలోగా మీ ఫొటో ఒక్కటంటే ఒక్కటి, ఎవరైనా సరే, అడిగి పుచ్చుకుని గోడకి తగిలించుకోవాలి. లేదంటే కెమెరా మా తమ్ముడికిచ్చేస్తాను. వాడు పెళ్ళిళ్ళకైనా తిప్పుకుంటాడు," అని భార్య లలిత పొద్దున్నే తేల్చి చెప్పేసింది. ఆవిడ అన్నదంటే చేసే మనిషి.

"ఇదేటండీ?" అన్నారు అమ్మిరాజు గారు.

"బస్టాండు నీళ్ళల్లో మబ్బులు."

"మురుగ్గుంటండీ అది. మరి ఇదో?"

"చెప్పుల కొట్టు ముందు మేక."

"మేకేనండీ," ఒప్పుకున్నారాయన.

తరవాతి ఫొటో దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. కాంప్లెక్సు మెట్లు. ఏటవాలు ఎండ మెట్టుకో ముక్క చొప్పున ఎక్కుతూ పోయి, చివరి మెట్టు మీద పచ్చి సిమెంటులో ఎవరో కూలీ మనిషి ఆనించిన అరచేతి గుర్తు దగ్గర ఆగింది. ఊరంతా తిరిగి తీసిన చెత్తలో ఇదొక్కటే బాగుంది. నిజంగానే బాగుంది. అది తీసినప్పుడు జగన్మోహనరావుకి ఒళ్ళు ఝల్లుమంది.

"ఇది తీసెయ్యండి," అన్నారు అమ్మిరాజు గారు.

"అమ్మమ్మా! ప్రాణం పోయినా తియ్యను. నా జన్మకి ఇదొక్కటే కుదిరిందండీ."

"మీకు కళండీ. మాకు కూల్చివేతండీ. ఆ మెట్లు రోడ్డు మీదకి ఓ రవ్వ వచ్చేశాయండి. ఈ ఫొటో మున్సిపాలిటీవోళ్ళ కంటబడిందంటే రేపీపాటికి పొక్లెయినొచ్చి నిలబడుద్దండి."

"నేనెవరికీ చూపించనండీ."

"ఎవరికీ చూపించనోరు తియ్యడం దేనికండీ మరి?"

అమ్మిరాజు గారు చిరాగ్గా ఇంకో మీట నొక్కారు. నొక్కి, ఉలిక్కిపడ్డారు. కాంప్లెక్సుకి కొత్తగా బిగించిన నల్లద్దంలో జగన్మోహనరావు తన మొహం తానే తీసుకున్న ఫొటో అది. వెలుతురు సరిపోతోందో లేదోనని, కెమెరా పొట్ట దగ్గర పెట్టుకుని ఉత్తినే నొక్కి చూసింది.

అమ్మిరాజు గారు కెమెరాని దూరంగా పట్టుకుని చూశారు. దగ్గరగా పెట్టుకుని చూశారు. జగన్మోహనరావుని ఎగాదిగా చూశారు.

"ఏసుపాదం, ఇల్రా. ఇది చూడు."

ఏసుపాదం బొండాంతో సహా వచ్చి తొంగిచూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. "బాగుందండి బాబూ. పోయేవోడు పోకుండా దీన్నే చూత్తాడండి."

అమ్మిరాజు గారి మొహం వెలిగిపోయింది. "మేష్టారూ, ఇది నాకిచ్చెయ్యండి. ఫ్లెక్సు మీద పెద్దది చేయించి బిల్డింగు ముందర కట్టించుకుంటాను. ఖర్చంతా నాదేనండి. ఆ మెట్లది మాత్రం చెరిపెయ్యండి."

జగన్మోహనరావు కెమెరా అందుకున్నాడు. ఒకపక్క జన్మకొక్కటి కుదిరిన ఫొటో, ఇంకోపక్క అడిగి మరీ గోడకెక్కించుకుంటానంటున్న మనిషి. మధ్యలో లలిత, వాళ్ళ తమ్ముడు. కళ్ళు గట్టిగా మూసుకుని మీట నొక్కేశాడు. ఎండా మెట్లూ అరచెయ్యీ అన్నీ పోయాయి. ఏడుపొచ్చింది. బొండాం తాగి సర్దుకున్నాడు. పేరుమోసిన చిత్రకారులందరూ ఎప్పుడో ఒకప్పుడు తమ బొమ్మ తాము వేసుకున్నవాళ్ళేనని ఇంటికెళ్ళే దారంతా తనకి తానే చెప్పుకున్నాడు.

ఆదివారం లలితని స్కూటరెక్కించుకుని బయల్దేరాడు.

"ఆయనే అడిగారా?" అంది లలిత మూడోసారి.

"నోరు తెరిచి అడిగాడు."

"మీ ఫొటోనే?"

"నా ఫొటోనే. మేస్త్రీకి కూడా నచ్చింది."

ఎర్రవంతెన దగ్గర బళ్ళన్నీ నెమ్మదిగా కదులుతున్నాయి. బస్సు డ్రైవరు మెడ బయటపెట్టి మరీ పైకి చూస్తున్నాడు. రెండంతస్తుల పొడుగున జగన్మోహనరావు మొహం వేలాడుతోంది. ఏకాగ్రత ఎక్కువై రెండు గుడ్లూ బయటికొచ్చాయి. పళ్ళ మధ్యనుంచి నాలిక కూడా కాస్త వచ్చింది. జనం ఆగి ఆగి చూస్తున్నారు.

లలిత ఆ ఫ్లెక్సుని పైనుంచి కిందదాకా చూసింది. తరవాత మొగుడి భుజం మీద చెయ్యి వేసింది. "ఓడిపోయానండీ. కెమెరా ఇక మీదే. జన్మలో మళ్ళీ ఆ ఊసెత్తను."

అంతలో అమ్మిరాజు గారు చేతులు జోడించుకుంటూ ఎదురొచ్చారు.

"రండి మేష్టారూ, రండమ్మా! ఇదివరకు దిష్టికని బూడిదగుమ్మడికాయ కట్టేవోళ్ళమండి, వారం తిరక్కుండా కుళ్ళిపోయేదండి. తమరి మొహమైతే ఎండకీ వానకీ నిలబడుద్దండి, ఆయ్!"