రెండో కాక

పట్టుకారుతో గాజుబిళ్లను బట్టీలోంచి తీసి, మేస్త్రి కిటికీ వెలుతురుకేసి పట్టుకున్నాడు. మంచినీళ్లలా తేటగా ఉంది. అతనికి ఉసూరుమనిపించింది.

"ఇంకా తెల్లబడలేదా?" అంది భార్య, కొలిమి దగ్గర్నుంచి.

"లేదు. సన్నటి వేడి మీద నిలిపి చూశాను, మంట పెంచి చూశాను. ఎముక ఉంటే ఈపాటికి కంటికానని పలుకులు కట్టి, అవి పెరిగి, బిళ్లంతా పాలరంగుకి తిరిగేది. ఇందులో ఎముక లేదే. వట్టి కట్టె బూడిద."

ఆవిడ కొలిమి వదిలి దగ్గరికొచ్చింది. గోదాము తగలబడ్డాక యజమానులు ఓ తల్లి చేతిలో పెట్టిన డబ్బాలోది ఆ బూడిద. ఇదే మీ అబ్బాయి అన్నారట. గుర్తుపట్టడానికి ఏమీ మిగల్లేదన్నారట. ఆమె ఆ డబ్బాను కడుపుకి హత్తుకుని వచ్చి, బూడిద కలిపి గుర్తుగా ఓ గాజుబిళ్ల పోసిపెట్టమంది.

"కలిపితే గాజు తెల్లబడుతుందటగా నాయనా?" అని అడిగింది ఆరోజు.

"కొలిమిలోంచి తేటగానే వస్తుందమ్మా. రెండో కాకలో తెల్లబడుతుంది."

"ఏ బూడిదైనా అంతేనా?"

"కాదమ్మా, ఎముకల బూడిదైతేనే."

"ఒకవేళ తెల్లబడకపోతే?" ఆమె డబ్బాను ఇంకా గట్టిగా పట్టుకుంది.

"అంత మాటనకండమ్మా, నేను చూసుకుంటాగా," అన్నాడు మేస్త్రి. ఆమె బెంగ చూసి డబ్బా మెల్లగా అందుకున్నాడు.

ఇప్పుడేమో భార్య పట్టుబట్టింది.

"ఉన్నదున్నట్టు చెప్పేయండి."

"ఏమని చెప్పను? ఇన్నాళ్లూ పక్కలో పెట్టుకుని పడుకున్నది కట్టెల బూడిదనా? బిడ్డ పోయాడు, బూడిదైనా దక్కలేదంటే తట్టుకోగలదా?"

"అందుకని అబద్ధాన్ని పోతపోసి అమ్ముతారా?"

"అమ్మను. ఊరికే ఇస్తాను."

"మీ జాలిగుండె మనల్ని ఎప్పుడో నట్టేట ముంచుతుంది," అని ఆవిడ విసవిసా లోపలికి వెళ్లిపోయింది.

మేస్త్రి అటకమీంచి పశువుల ఎముకల పొడి దించాడు. తెల్ల దీపాల డోములకి వాడేది అదే. కాస్త కలిపి మళ్లీ కరిగించి పోశాడు. ఈసారి సన్నటి వేడి మీద ఏమాత్రం తొందరపడలేదు. పలుకులు ఎంత దట్టంగా కడితే తెలుపు అంత నిండుగా వస్తుంది. ఆ తర్వాత మంట పెంచాడు. బిళ్ల ముందు మసకేసింది, నెమ్మదిగా మీగడరంగుకి తిరిగింది. చేసింది తనే అయినా అతని కళ్లు చెమర్చాయి.

మర్నాడు ఆ తల్లి గుమ్మంలోంచే అడిగింది.

"తెల్లబడిందా?"

"ఎందుకు తెల్లబడదమ్మా? మీ అబ్బాయే. సందేహమే లేదు."

బిళ్లను ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని వెలుతురుకి పట్టి అటు తిప్పింది, ఇటు తిప్పింది. అంచులు గోటితో గీకి చూసింది. ఉన్నట్టుండి అక్కడే కూలబడి గుండెలవిసేలా ఏడ్చింది. లోపల్నుంచి మేస్త్రి భార్య పరుగున వచ్చి పట్టుకుంది.

"ఊరుకోండమ్మా," అన్నాడు మేస్త్రి. "వాడేనని తేలిపోయిందిగా. ఇకనైనా మనసు కుదుటపడాలి."

ఆమె తలెత్తి అతనికేసి చూసింది.

"తెల్లబడకపోతే వాడు బతికున్నట్టేనని ఆశపడ్డాను నాయనా."