పళ్ళు చూడని దొరసాని

"ఇంతకీ మీ దొరసాని నిన్నెందుకు వదలదు?" అన్నాడు షాడ్రక్, పొగాకు మెలితిప్పుతూనే.

ఐషమ్ ఆకుని అతిమధురం పాకంలో ముంచి, పిండి, బల్ల మీద పరిచాడు.

అమెరికాలో, వర్జీనియా రాష్ట్రపు పీటర్స్‌బర్గ్ ఊళ్ళో, పొగాకు ఫ్యాక్టరీలో ఆ ఇద్దరిదీ ఒకటే బల్ల. ఇద్దరూ బానిసలే, యజమానులు అద్దెకిస్తే వచ్చినవాళ్ళే. షాడ్రక్‌ది పల్లెటూరు. కోతలయ్యాక అతని దొర ఇక్కడికి తోలాడు. ఫ్యాక్టరీ వెనక పాకలోనే పడక. ఐషమ్ ఈ ఊరివాడు, పొద్దు వాలగానే ఇంటికి పోతాడు. ఇల్లంటే యజమానురాలి ఇల్లే.

ఐషమ్‌కి కావలసింది తను మనసిచ్చిన లూసిండా ఒక్కతే. ఆ పిల్ల ఇంటివాళ్ళు నల్లవాళ్ళే అయినా బానిసలు కారు. ఈ దక్షిణాదిలో రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతకలేక, వేసవిలో ఉత్తరాన ఒహాయోకి తరలిపోయారు. అక్కడ బానిసత్వం లేదు. యజమానురాలు కోర్టుకెళ్ళి వీణ్ణి వదిలేస్తున్నానని చెబితే చాలు, ఐషమ్ కూడా రైలెక్కుతాడు. వేసవిలో అడిగాడు, ఆకు రాలే కాలంలో మళ్ళీ అడిగాడు. రెండుసార్లూ ఆవిడ మొహం తిప్పుకుని ఏడ్చింది.

"ఏడ్చిందా?" షాడ్రక్ నవ్వాడు. "మా దొర ముసలి గుర్రాన్ని అమ్మినప్పుడూ ఏడ్చాడులే."

"నవ్వకురా. నన్ను వదిలితే ఏడాది తిరక్కుండా నేను వర్జీనియా దాటిపోవాలి. అది చట్టం. మళ్ళీ అడుగు పెడితే పట్టుకుని అమ్మేస్తారు. ఇక ఆవిడ ఈ జన్మలో నా మొహం చూడలేదు."

"చూడకపోతే కొంపలేం మునగవు. ఇంకొకణ్ణి కొనుక్కుంటుంది."

ఐషమ్ ఇంకో ఆకు పరుస్తూ, తొమ్మిదేళ్ళప్పుడు తనని వేలంలో నిలబెట్టిన సంగతి చెప్పాడు. వచ్చినవాళ్ళంతా నోరు తెరిపించి పళ్ళు చూశారట. పరిగెత్తించారట, జబ్బలు గిల్లారట. ఆవిడ మాత్రం పళ్ళు చూడలేదు. పాట మొదలుకాగానే చెయ్యి ఎత్తింది, ఇక దించలేదు.

"డబ్బు మూలుగుతున్నవాళ్ళు పళ్ళేం చూస్తార్లే," అని షాడ్రక్ తేల్చేశాడు.

ఆ మనిషిని చూడకుండానే ఆవిడంటే అతనికి ఒళ్ళు మంట. ఐషమ్ కోటుకి పడిన మాసికల సన్నని కుట్టు చూసినా మంటే. ఐషమ్ తెచ్చుకునే మొక్కజొన్న రొట్టె మధ్యలో బెల్లప్పాకం ఉండేది. పిట్టని పంజరంలో పెట్టి గింజలేస్తోందని తిడుతూనే, సగం రొట్టె షాడ్రక్ తినేవాడు.

ఒకరోజు రొట్టె నములుతూ, మీ అమ్మ ఉందా అని అడిగాడు.

"ఉంది, ఈ ఊళ్ళోనే."

షాడ్రక్ నోట్లో ముద్ద ఆగిపోయింది. అతని తల్లిని అలబామా వ్యాపారులకి అమ్మేసినప్పుడు అతనికింకా మాటలు సరిగ్గా రాలేదు. ఆమె మొహం గుర్తు లేదు. ఆమె పైగుడ్డలో మొహం దాచుకున్నప్పటి పొగవాసన, సబ్బువాసన మాత్రం గుర్తున్నాయి. దారిలో ఎదురైనా పోల్చుకోలేనని తెలిసీ, దారిన పోయే ప్రతి ముసలామెనీ చూసేవాడు. అమ్మ కావాలని ఈ వయసులో ఎవరితో చెప్పుకుంటాడు?

"నువ్వు పోవడానికి మీ అమ్మ ఒప్పుకుందా?"

"ఇంకా లేదు."

"ఒప్పుకుంటుందిలే. అమ్మలు ఒప్పుకుంటారు. ఒప్పుకోనిది దొరసానులే."

ఐషమ్ అతని వంక ఒకలా చూశాడు.

డిసెంబరులో ఫ్యాక్టరీ యజమానికీ, పెన్సిల్వేనియా నుంచి వచ్చిన అతని బావమరిదికీ ముంగిట్లోనే మాటామాటా పెరిగింది. పని చేస్తూ పాడుకునేవాళ్ళు, పాట ఆపితే అనుమానమొస్తుందని, గొంతు తగ్గించి పాడుతూ చెవులు రిక్కించారు. బానిసలు లేకపోతే మా పొగాకూ పత్తీ మీ మిల్లులు పండిస్తాయా అని యజమాని. దేశంలో కొత్తగా చేరే నేలలకి కూడా ఈ పాపాన్ని మోసుకుపోతామంటే ఉత్తరాదివాళ్ళం చూస్తూ ఊరుకోమని బావమరిది. దక్షిణ కరొలినా రాష్ట్రం దేశం నుంచి విడిపోయిందట. యుద్ధం తప్పదట. ఉత్తరానికి తోవలన్నీ మూసుకుపోతాయట.

"ఈ రాత్రికే పారిపో," అన్నాడు షాడ్రక్.

"ఆవిడకి చెప్పకుండా పోలేను."

"అయితే ఆవిడ కాళ్ళ దగ్గరే పడుండు."

అనేసి, నాలుక కరుచుకున్నాడు.

క్రిస్మస్‌కి ఫ్యాక్టరీ మూసే రోజు ఐషమ్ ఆలస్యంగా వచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

"కోర్టుకెళ్ళి వదిలేసిందిరా. తోవ మూసుకోకముందే పొమ్మంది. మధ్యాహ్నం రైలుకే."

షాడ్రక్ అతన్ని గట్టిగా వాటేసుకున్నాడు. సంతోషమే, కాని ఇక ఆ బల్ల దగ్గర తన పక్కన వీడుండడు.

పండగని మధ్యాహ్నానికే పని ముగిశాక, పల్లెకి తిరిగిపోయే అనుమతి చీటీ జేబులో పెట్టుకుని, స్టేషన్ మీదుగా వెళ్ళాడు. ఐషమ్ పెట్టె పక్కన నిలబడి ఉన్నాడు. ఉతికిన తెల్లటి పైగుడ్డ కట్టుకున్న నల్లని ముసలామె అతని కోటు గుండీ పెడుతోంది. పెట్టిన గుండీ విప్పి, మళ్ళీ పెడుతోంది. రైలు కూత వేసింది. ఐషమ్ వంగి ఆమె పైగుడ్డలో మొహం దాచుకున్నాడు. షాడ్రక్ వాళ్ళ దగ్గరికి వెళ్ళలేకపోయాడు. దూరం నుంచే చెయ్యి ఊపాడు.

రైలు కనుమరుగయ్యాక కూడా ముసలామె పట్టాల వైపే చూస్తూ నిలబడింది. షాడ్రక్ మెల్లగా పక్కన చేరాడు. పొగవాసన, సబ్బువాసన.

"ఏడవకమ్మా. వాడు సుఖంగా ఉంటాడు," అన్నాడు. ఇంకా ఏదో ఒకటి అనాలనిపించి, "ఇన్నాళ్ళు కట్టేసి ఉంచిన ఆ దొరసాని, కనీసం సాగనంపడానికైనా రాలేదు చూడు," అన్నాడు.

ముసలామె పైగుడ్డతో కళ్ళు తుడుచుకుంది.

"వాణ్ణి కని, వేలంలో కొనుక్కున్న ఆ దొరసానిని నేనే, నాయనా."