ఏలియా పడవ పలకలు

పడవ నడిగోదావరిలో ఉండగా ఏలియా కాలి కింద పలక విరిగింది. తెరచాప తాడు చేతిలో ఉండగానే అతడు పక్కకు ఒరిగి నీళ్లలో పడ్డాడు. 1957 శ్రావణ మాసం. ఏరు నిండుగా ఉంది. పడవలోని పదకొండు మందీ ఎట్లాగో అవతల ఆదిలాబాద్ ఒడ్డు చేరారు. ఏలియా మూడో రోజు కింది ఊరి దగ్గర దొరికాడు.

ఏరు తగ్గాక, ఎవరూ పిలవకముందే వడ్రంగం చేసే వడ్ల సాంబయ్య రేవుకు వచ్చాడు. ఒడ్డు మీదికి లాగి పెట్టిన పడవలోకి దిగి, మొట్టమొదట ఆ విరిగిన పలకను ఊడదీశాడు. తర్వాత మిగిలిన నేలపలకలన్నీ తీశాడు. తన ఇంటి పనికి కొని ఎండబెట్టుకున్న టేకు కట్టెను బండి మీద తెచ్చి చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. కూలి మాట ఎత్తలేదు.

ఏలియా భార్య సంతోషమ్మ రోజూ వచ్చి ఇసుకలో కూర్చునేది. ఏడ్చేది కాదు.

పడవ ఎప్పుడు నడుస్తుందో కనుక్కుందామని నాలుగో రోజు, ఏరు దాటి కూరగాయలు అమ్ముకునే కమలవ్వ వంకాయల గంపతో వచ్చింది.

"ఏం సాంబయ్యా, ఇంటికి పెట్టుకున్న కట్టె తెచ్చి పడవకు కొడుతున్నవు? నీ పెండ్లాం అన్నం పెడుతుందా?"

"తిట్టుకుంటనే పెడుతుంది."

"గా ఏలియాకు లేని ఫికర్ నీకెందుకు? పుచ్చిన పలక మీద పడవ నడిపిండు. జరైతే మమ్మల్ని గూడ ముంచుతుండె."

"నువ్వు మునగలే కద కమలవ్వా," అంది సంతోషమ్మ. "మునిగినోడు మునిగిండు. ఇగ పో."

"పోత, పోత. పడవ తయారైనంక కబురు పెట్టుండ్రి. గప్పటిదాక ఈ వంకాయలు మా ఇంట్లనే వండుకోవాలె. మా ఆయన ఇప్పటికే మొఖం తిప్పుతుండు."

ఆమె వెళ్లాక సంతోషమ్మ లేచి పడవ దగ్గరికి వచ్చింది.

"అన్నా, విరిగిన పలక ఏది?"

పక్కన రాళ్ల పొయ్యి మీద గుగ్గిలం, నూనె కరుగుతున్నాయి. సాంబయ్య అటు చూపించాడు.

"కుండ కింద పెట్టిన."

"కాలబెట్టినవా? ఒక్కసారి చూస్తుంటి."

"పురుగు తిన్న కట్టెల ఏం చూస్తవు చెల్లె? చూస్తే నీకే బాధ."

సంతోషమ్మ పడవ అంచు పట్టుకుంది.

"నిరుడు మా అవ్వకు బాగలేకుంటే పెద్దపల్లికి పోయిన. రెండు నెలలు ఆడనే ఉన్న. వచ్చినంక ఆయన చెప్పిండు, ఆసిఫాబాద్ దిక్కు పోయి టేకు పలక తెచ్చిన, సాంబన్నకిచ్చి వేయించిన అని. ఊరోళ్లేమో గా పలక అమ్ముకొని నాకు అబద్ధం చెప్పిండంటున్నరు. నువ్వు చెప్పు. ఇచ్చిండా, ఇయ్యలేదా?"

సాంబయ్య చిత్రిక ఆపాడు. "పోయినోని ముచ్చట నాతోని ఎందుకు చెప్పిస్తవు?"

"ఆదివారం చర్చిల ఆయన పేరు మీద ప్రార్థన ఉన్నది. అందరి ముందట నేను నిలబడి మాట్లాడాలె. ఏమని మాట్లాడాలె? మంచోడు అనాల్నా?"

"మంచోడే."

"నేను గది అడుగలే."

సాంబయ్య పలక మీద పేరుకున్న పొట్టు ఊదాడు. "పడవ నా దగ్గరికి తెచ్చిన మాట నిజమే. సందులల్ల నార కూరి గుగ్గిలం పూయమన్నడు. పూసిన."

"పలక?"

"పలక ముచ్చట తీయలే."

"కట్టె తేలేదా?"

"తేలే."

సంతోషమ్మ మెల్లగా తల ఊపింది. ఆ మాట వింటాననే ఇన్నాళ్లూ భయపడ్డట్టు ఉంది ఆమె ముఖం.

"ఇరవై రెండేండ్ల సంసారం. నాకు ఒక్క అబద్ధం చెప్పిండని ఎరుగ. ఏడుద్దామని చూస్తున్న అన్నా. కోపమే వస్తుంది, ఏడుపు వస్తలేదు."

"గట్లనకు. ఎరుకలేక జరిగి ఉంటది."

"ఎట్ల ఎరుకలేక? పుచ్చిన పలకకు పైన నున్నగ పూసి, పదకొండు మందిని ఎక్కిస్తే దాన్నేమంటరు?"

సాంబయ్య చేతిలో చిత్రిక మళ్లీ కదిలింది.

ఆదివారం సంతోషమ్మ చర్చికి పోలేదు. ఏలియా గురించి మాట్లాడేవాళ్లు లేక ప్రార్థన తొందరగా ముగిసింది. వచ్చినవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని ఇళ్లకు వెళ్లారు.

మరో పది రోజులకు పడవ తయారైంది. కొత్త టేకు పలకలు ఎండలో తేనె రంగులో ఉన్నాయి. ఊరివాళ్లు పడవ ఎక్కి, పాదాలతో తొక్కి చూశారు. ఎక్కడా కిర్రుమనలేదు. ఇట్లాంటి మనిషి మన ఊళ్లో ఉండడం మన అదృష్టం అన్నారు పెద్దమనుషులు. కమలవ్వ గంప దించి, మంచివి ఏరి ఆరు వంకాయలు సాంబయ్య కండువాలో పోసింది.

అందరూ పోయాక సంతోషమ్మ వచ్చి చేతులు జోడించింది.

"ఆయన చేయని పని నువ్వు చేసినవు అన్నా."

"ఊకో చెల్లె," అన్నాడు సాంబయ్య. పనిముట్లు సంచిలో వేసుకుని ఇంటికి నడిచాడు.

ఏలియా నిరుడు తెచ్చిచ్చిన టేకు పలకను అతడు తన ఇంటి తలుపు నుంచి ఇంకా ఊడదీయలేదు.