తుమ్మలబీడు వంతు

హగరి ఏరు ఎండిపోయాక ఆ ఇసుక సీమలో పచ్చగా మిగిలినవి ఊటచెరువు చుట్టూ ఉన్న ఐదూళ్లే. ఆ ఊళ్లకు వంతులవారీగా నీళ్లు వదిలే నీరుగంటి ఓబులక్క. రోజూ మొదటి వంతు మాత్రం తుమ్మలబీడుకు. ఆ ఊరు ఇసుకలో పూడిపోయి నలభై ఏళ్లయింది. అయినా దాని వంతు దానికి వదలడం ఆనవాయితీ.

నిరుడు నీళ్ల పంపకం ఒక మాట్లాడే యంత్రానికి అప్పగించారు. "తుమ్మలబీడులో మనుషుల్లేరు. తూము మూసేయండి" అందది.

"మా తాత ఇడవమన్యాడు, ఇడుస్తా ఉండా."

"ఎందుకు?"

ఓబులక్కకు తెలియదు. మూసేసింది.

ఏడాది తిరక్కముందే ఆ తూము కాలువ వెంట ఉన్న ఈతచెట్లు మాడిపోయాయి. అవి అంతదాకా ఆపిన ఇసుకదిబ్బ కదిలి ఓబులక్క ఊరి మీదికొచ్చింది. ఇరుగుపొరుగు వెళ్లిపోయారు. ఆమె రోజూ గడప ముందు ఇసుక ఎత్తిపోసుకుంటోంది.

ఈ పొద్దు యంత్రం మళ్లీ పలికింది. "మీ ఊళ్లో మీరొక్కరే ఉన్నారు. మీ ఊరి తూము మూసేయండి."

ఓబులక్క పారకు ఆనుకుని నిలబడింది.

"మూయను. రేపు నేను పోయినా ఈ కాలువ చెట్లకు నీళ్లు నిలపొద్దు."

"ఎందుకు?"

"మా ఎనకాల ఇంగా నాలుగూళ్లుండాయి."