పారేసుకున్న కాగితం

"మా ఆయన ఇంకా స్తంభం మీదే ఉన్నాడు. మీరిక్కడికి వొచ్చీసినారేటి సాబ్?" అంది నూకాలమ్మ.

రైలు కరెంటు తీగలు బాగుచేసే గ్యాంగు పెద్ద విల్‌ఫ్రెడ్ వానకు తడిసి ముద్దై, ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో లైను పక్కనే ఉన్న ఆమె క్వార్టర్లోకి వచ్చి పొయ్యి ముందు గొంతుక్కూచున్నాడు. చొక్కా జేబులోంచి గులాబీ రంగు కాగితం కొస కనిపిస్తోంది. ఆమె చూపు దానిమీదే ఉంది. పొద్దున్న పైనున్న కరెంటు తీగ తెగి లోకల్ బళ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. బాగుచెయ్యడానికి తీగలో కరెంటు ఆపించినప్పుడు ఆఫీసువాళ్లు ఇచ్చిన కాగితం అది. తిరిగి ఆఫీసుకు చేరిందంటే స్తంభాలెక్కిన మనుషులంతా దిగిపోయారని లెక్క. మరుక్షణం కరెంటు వదులుతారు.

కిందటేడు అలాగే వదిలారు. ఆఫీసర్ల తొందరకు జడిసి ఈ మనిషే కాగితం ముందుగా ఇచ్చేశాడు. నూకాలమ్మ తమ్ముడు ఎర్రయ్య అప్పటికింకా పైనే ఉన్నాడు. ఆనాటి నుంచీ ఈయన మొహం చూస్తే ఆమెకు ఒళ్లు మంట. ఇవాళ మాత్రం ఒట్టి భయమే.

అంతలో ఆఫీసు జవాను తీతు సైకిలు మీద వచ్చాడు. ఆగిన బండిలో పెద్ద ఆఫీసరు ఇరుక్కుపోయాడట, కాగితం ఈ క్షణమే తెమ్మన్నాడట.

"ఠీక్ హై. సిగరెట్ ముట్టించుకుని ఇస్తా" అంటూ విల్‌ఫ్రెడ్ పొయ్యిలోకి వంగాడు.

నూకాలమ్మ తీతును రెక్క పట్టుకుని గుమ్మంలోకి లాగింది. దూరంగా వానలో, స్తంభం మీద ఆమె మొగుడు తవిటయ్య. "అల్లదిగో సూడు బాబూ, దిగనేదు."

తను ఆఫీసు చేరేలోగా దిగిపోతాడులే దీదీ అన్నాడు తీతు. కిందటేడూ ఇదే మాట అన్నారు.

వెనక్కి తిరిగేసరికి విల్‌ఫ్రెడ్ జేబులు తడుముకుంటున్నాడు. కాగితం లేదు. చాపలు ఎత్తారు, గిన్నెలు జరిపారు, వాకిలంతా గాలించారు. దొరికితే కొంగులో దాచేద్దామనుకుని నూకాలమ్మ కూడా వెతికింది.

"ఉద్యోగం పోతుంది సాబ్" అన్నాడు తీతు. ఇక ఎక్కినవాళ్లంతా దిగివచ్చి ఒక్కొక్కరే సంతకం పెడితే తప్ప కరెంటు ఇవ్వరట.

"పారేసుకున్నానని చెప్పు" అన్నాడు విల్‌ఫ్రెడ్. వానలోనే, తల వంచుకుని వెళ్లిపోయాడు.

అరగంటకు తవిటయ్య నీళ్లోడుతూ ఇంట్లోకి వచ్చాడు. ఆమె అతని చేతులు పట్టుకుని భోరుమంది.

"సాబ్ కాగితం పారేసుకున్నాడంట. ఉజ్జోగం పోయినట్టే" అన్నాడతను.

"పోతే పోనీ. నా తమ్ముణ్ణి సంపినోడికి ఉజ్జోగమెందుకు?"

మొగుడికి వేణ్ణీళ్లు పెడదామని ఆమె పొయ్యి ముందు కూచుని, బూడిద లాగింది.

బూడిదలో, సగం కాలిన గులాబీ రంగు కాగితం.