హద్దు గుంజ

“ఈ ఊట ఎవరి వాటాలో ఉంది?”

కట్టపెద్ద చేతికర్రతో పొడిచేసరికి సముద్రపు కట్ట లోపలి వాలులోంచి నీళ్లు బుడబుడమని పైకొచ్చాయి. పన్నెండడుగుల మేర మట్టి జావలా అయిపోయింది. తనిఖీకి వచ్చిన ఏడుగురూ, కొయ్యచెప్పులతో వాళ్ల వెంట వచ్చిన రైతులూ అక్కడే ఆగిపోయారు. సముద్రమట్టం కన్నా పల్లంలో ఉన్న ఫ్రీస్లాండులో కట్టకి చిల్లుపడితే ఊరే ఉండదు.

ఆ ఊట ఆ రైతుల్లో ఒకడైన వీబె బాగుచెయ్యాల్సిన కట్ట వాటాలోదే. రెండేళ్లుగా ‘రేపు చూద్దాంలే’ అంటూ వచ్చాడు. ఆ నీటికి పక్కింటి ఆల్తె పొయ్యి ఆరిపోయింది, తన భార్య ఫ్రౌకె జున్నుగదిలో జున్నంతా బూజుపట్టింది. అయినా అతను పార ముట్టలేదు.

బిక్కచచ్చి, తన వాటాకీ ఆల్తె వాటాకీ మధ్యనున్న హద్దు గుంజకేసి చూశాడు. ఒక్కసారిగా కళ్లు మెరిశాయి. గుంజ ఊటకి ఇవతల, తన వైపుకి జరిగి ఉంది! అంటే ఊట ఆల్తె వాటాలోకి పోయినట్టే.

“అడగడమెందుకు పెద్దయ్యా, గుంజ చూడండి. అది ఆల్తె వాటా” అన్నాడు గొంతు సవరించుకుని. “మగదిక్కు లేని ఇల్లు. కట్ట మాత్రం ఏం నిలుస్తుంది!”

“అదేంటి వీబె అన్నా! ఈ ఊట పూడ్చమని నిరుడు నీ గడప దగ్గరికొచ్చి బతిమాలుకోలేదూ?” అంది ఆల్తె రైతుల మధ్యలోంచి ముందుకొచ్చి. “ఈ శీతాకాలం తుఫాను వస్తే నా ఇల్లు మిగలదని చెప్పలేదూ?”

“కలగన్నావేమో. నీ కలల్లోకి కూడా నేనే వస్తున్నానా?”

రైతులు ఘొల్లున నవ్వారు. కట్టపెద్ద నవ్వలేదు.

“ప్రమాణం చేస్తావా వీబె?”

వీబె టోపీ తీసి రెండువేళ్లు పైకెత్తాడు. “దేవుడి సాక్షిగా చెబుతున్నా. గుంజకి అవతలిదంతా ఆల్తెదే.”

ఆల్తె నడుముకి ముందు కట్టుకున్న గుడ్డ ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. పాపం ఏడుస్తోందనుకున్నారంతా.

“ఒప్పుకుంటావా తల్లీ?” కట్టపెద్ద గొంతు మెత్తబడింది. “ఒప్పుకుంటే పొద్దుగూకేలోపల పూడ్చాలి.”

“ఒప్పుకుంటానయ్యా, పూడుస్తాను. ఒక్క మాట. కట్ట ఎవరిదో దాని వెనక నేల వాళ్లదేగా?”

“కొత్తగా అడుగుతావేం? మన తాతలు సముద్రం నుంచి ఈ నేల లాక్కున్నప్పటినుంచీ అదే కట్టుబాటు. గుంజ దగ్గర్నుంచి మురుగుకాలవదాకా తాడు తిన్నగా లాగితే, అదే హద్దు.”

“అయితే లాగండి.”

తాడు లాగారు. అది వీబె క్యాబేజీ మడి దాటింది. పశువులకొట్టంలో దూరి అవతలికి వచ్చింది. వంటింటి కిటికీలోంచి లోపలికెళ్లి, వీబె పడుకునే మంచం మీదుగా కాలవ దగ్గర తేలింది.

“వంటిల్లూ జున్నుగదీ నావైపే వచ్చాయి” అంది ఆల్తె మొహం మీది గుడ్డ దించి. కళ్లలో చుక్క తడి లేదు. “ఫ్రౌకె వదిన అక్కడే ఉండొచ్చు. అన్న సంగతే ఆలోచించాలి.”

“ఆగండాగండి!” వీబె తాడు పట్టుకుని వేలాడాడు. “ఊట నాదే! గుంజ ఎవరో జరిపారు!”

“ఇందాకటి ప్రమాణం?”

“నోరు జారిందయ్యా...”

“గుంజకి కాళ్లొచ్చాయా, చేతులొచ్చాయా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఊట పూడ్చు” అన్నాడు కట్టపెద్ద. “నువ్వు పూడ్చేదాకా మేమేడుగురం నీ ఇంట్లోనే తింటాం. అదీ కట్టుబాటే.”

వీబె బంకమట్టి గంప ఎత్తుకుని పరుగందుకున్నాడు. అంత వేగంగా అతను నడవడం కూడా ఊళ్లో ఎవరూ చూడలేదు.

వీబె వంటింట్లో ఏడుగురికీ బఠాణీల సూపు ఉడుకుతోంది. ఆల్తె రొట్టె కోస్తూ కిటికీలోంచి చూసింది. కట్ట మీద వీబె మోకాళ్లదాకా బురదలో దిగి మట్టి తొక్కుతున్నాడు.

ఫ్రౌకె గరిటె పక్కనపెట్టి, నడుం పట్టుకుని గుసగుసగా అంది:

“పొద్దున్న నీతో కలిసి ఆ గుంజ పీకినప్పుడు పట్టేసిన నడుం ఇంకా వదల్లేదే ఆల్తె. తిరిగి పాతే పని మాత్రం మా ఆయనకే ఒప్పచెబుదాం!”